నలభై ఒక్క మెడలు, ఒక్క కాసులపేరు

ఆ లింకు నేను పొరపాటున పంపలేదు.

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని, అందులో కూడా ఆ రోజు తారీఖు కింద "షాపులో పొరపాటు జరిగింది" అనే రాసుకున్నాను. మా ఇంట్లో నా డైరీ ముట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఎందుకైనా మంచిదని.

ఆ ఉద్యోగం మానేసి రెండేళ్ళు దాటింది. ఫోటో స్టూడియోల్లో, జిరాక్స్ షాపుల్లో కొత్తగా కంప్యూటర్ ముందు కూర్చునే చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు పనికొస్తుందేమోనని ఇప్పుడు రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. ఊళ్ళు కూడా ఒకటి రెండు అటూ ఇటూ మార్చాను. అయినా ఉదయగిరి వైపు వాళ్ళు కొందరు పోల్చుకుంటారు. పోల్చుకోండి, నాకు మాత్రం ఫోన్ చెయ్యకండి.

డిగ్రీ అయ్యాక ఆత్మకూరులో ఒక స్టూడియోలో చేరాను. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పెళ్ళి ఆల్బమ్‌లు, రాజకీయ నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, అన్నీ అక్కడే. ఓనర్‌ని అందరం అన్నా అనేవాళ్ళం. ఆయన కాక ఒక డిజైనర్ ఉండేవాడు. ఎంత నల్లటి పెళ్ళికొడుకునైనా పది నిమిషాల్లో తెల్లగా చేసేవాడు. నేను కీబోర్డు కింద లైబ్రరీ పుస్తకం పెట్టుకుని చదవడం అతనికి తెలుసు, ఓనర్‌కి చెప్పేవాడు కాదు. దానికి బదులుగా రోజంతా నన్ను ఏడిపించేవాడు. "అన్నా, ఈరోజు మేడం రెండు మాటలు మాట్లాడింది, క్యాలెండర్‌లో రాసుకో" అని పొద్దున్నే మొదలుపెట్టేవాడు.

ఆ స్టూడియో అసలు పుట్టింది ఉదయగిరిలో. ఓనర్ వాళ్ళ నాయన పెట్టింది. ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళం. ఎనభై దాటిన మనిషి, ఉదయగిరి వదిలి రానని పాత ఇంట్లోనే ఉన్నాడు. ఒక వానాకాలం ఆ ఇల్లు కారుతుంటే రెండు ఇనప పెట్టెలు ఆటోలో ఆత్మకూరు చేరాయి. తెరిస్తే చింతపండు నానబెట్టినట్టు పులుపు వాసన. నిండా నెగెటివ్‌లు. ఒక్కో నెగెటివ్‌కి ఒక్కో కాగితం కవరు, కవరు మీద ఊరు, ఇంటిపేరు, నంబరు.

ఓనర్‌కి ఆలోచన వచ్చింది. "వీటిని స్కాన్ చేసి నెట్‌లో పెడదాం. ఎవురి ఇంటి ఫోటో లింకు వాళ్ళకు పంపిద్దాం. తాతను, అవ్వను చూస్తే ఎవుడైనా ఫ్రేము కట్టించకుండా ఉంటాడా? గిరాకీ చూడు ఇంక."

పని నాకు పడింది. మూతలో లైటుండే స్కానర్ ఒకటి కొన్నారు. నెగెటివ్‌ని మెత్తటి బ్రష్‌తో దులిపి, అందులో పెట్టి, కంప్యూటర్‌లో నలుపు తెలుపులు తిరగెయ్యాలి. తిరగెయ్యకముందు అందరూ నల్ల పళ్ళు, తెల్ల జుట్టు, వెలిగే కనుగుడ్లతో నన్నే చూసేవాళ్ళు. తిరగేశాక పాపం చాలా భయపడుతూ కనిపించేవాళ్ళు. ఆ తర్వాత ఉచితంగా ఫోటోలు దాచుకునే ఒక సైటులో పెట్టి, లింకు తీసి, వాట్సాప్‌లో పంపాలి.

ఓనర్ ఒక్కటే నియమం పెట్టాడు. "ఒక ఇంటి ఫోటో ఇంకో ఇంటికి పోకూడదు. ఇంటికొక ఆల్బమ్, ఇంటికొక లింకు. అర్థమయిందా?"

తల ఊపాను.

పని మొదలైన రెండో నెలలో దుత్తలూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది. చేతిలో పెద్ద ఫోన్. కూర్చోగానే దానిలో ఎవరో పంపిన దేవుడి బొమ్మను ఇంకో పదిమందికి పంపింది. బొమ్మ పూర్తిగా తెరుచుకోనే లేదు, అప్పటికే పంపేసింది. ఆ తర్వాత మాతో మాట్లాడింది.

"మా అమ్మ ఫోటో మీ కాడ ఉండాదంట గదా. కాసులపేరు ఏసుకోని ఉంటాది. దాన్ని పెద్దది చెయ్యాల. ఎంత పెద్దదంటే, కాసులు లెక్కపెట్టుకునేంత."

"ఎందుకమ్మా అంత పెద్దది?" అన్నాడు డిజైనర్.

అడగడమే ఆలస్యం, చెప్పింది. అమ్మ ఆ కాసులపేరు తనకే ఇస్తానని చిన్నప్పుడు మాటిచ్చిందట. అమ్మ పోయాక చూస్తే పెట్టెలో లేదు. పెట్టె తాళం చెవి కోడలి బొడ్లో ఉండేది. ఆ కోడలంటే ఈమె అన్న పెళ్ళాం, ఉదయగిరి దగ్గర పల్లెలో ఉంది. నలభై ఏళ్ళ నుంచి ఈమె ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు. ఇప్పుడు ఆ వదిన మనవరాలికి పెళ్ళి.

"పెండ్లికి పోతా. పోయి, ఈ ఫోటో పందిట్లో కుర్చీలో పెట్టి, మగపెండ్లి వాళ్ళందరి ముందర అడగతా, వదినా, యాడబెట్నావు మా అమ్మ కాసులపేరు అని. సచ్చేలోపల ఒక్కసారైనా అడగాల గదా పాపా."

పాపా అన్నది నన్ను. నేను నెగెటివ్ వెతుకుతూ తల ఊపాను.

ఫోటో దొరికింది. కుర్చీలో కూర్చున్న సన్నటి మనిషి, మెడలో నాలుగు వేళ్ళ వెడల్పు కాసులపేరు. స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించాను. ఆమె వేలితో ఒక్కొక్క కాసూ లెక్కపెట్టింది. ఎడమవైపు ఒకచోట ఒక కాసు ఊడిపోయి సందు కనిపిస్తోంది.

"ఆ ఊడింది గూడా దాని దగ్గిరే ఉంటాది" అంది.

ఆ సందే నా కొంప ముంచింది. మర్నాడు సోమశిల వైపు ఒక ఇంటి కవరు తీశాను. డ్యాము కట్టినప్పుడు మునకలో ఊరు పోయినవాళ్ళు. ఆ ఇంటి ఇల్లాలి మెడలో కాసులపేరు, ఎడమవైపు అదే సందు. భోజనం మానేసి వెనకటి స్కాన్లన్నీ తిరగేశాను. జలదంకి కోడలి మెడలో అదే. ఒక కరణం గారి భార్య మెడలో అదే. చేతులు కాయలు కాచిన ఒక కూలి మనిషి మెడలో అదే. మగవాళ్ళదీ అదే కథ. రెడ్డిగారి కొడుక్కీ, మిషన్ బడి మేస్టారుకీ ఒకే కోటు, మోచేతి దగ్గర ఒకే రఫ్ఫు. అందరి చేతికీ ఒకే వాచీ. ఆ వాచీలో టైము ఎప్పుడూ పదింబావే. పెద్దాయన జీవితమంతా పొద్దున పదింబావుకే ఫోటోలు తీశాడన్నమాట.

ఎవరికీ చెప్పలేదు. నవ్వు ఆపుకోలేక రెండుసార్లు బయటికెళ్ళి వచ్చాను. "మేడానికి కడుపునొప్పి" అన్నాడు డిజైనర్.

ఆ ఆదివారం అక్షరాలు చెరిగిపోయిన కవర్ల మీద ఏ ఊళ్ళున్నాయో అడిగి రమ్మని ఓనరే నన్ను ఉదయగిరి పంపాడు. పెద్దాయన వసారాలో మంచం మీద కూర్చుని, ఉదయగిరిలోనే చెక్కిన కొయ్య చెంచాతో మజ్జిగన్నం తింటున్నాడు. కవర్ల సంగతి అయ్యాక ఫోన్లో నాలుగు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించాను. మెడల మీద వేలు పెట్టి చూపించానంతే.

ఆయన చెంచా పక్కన పెట్టాడు. చాలాసేపు నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"కనిపెట్నావా? ఇన్నేండ్లలో ఎవురూ కనిపెట్టలా. ఎట్టా కనిపెడతారు? ఎవురి ఫోటో వాళ్ళ గోడకుండాది. అన్నీ ఒకచోట చూసినోళ్ళు ఎవురుండారు?"

అది గిల్టు నగ. నెల్లూరులో కొన్నది. ఆ రోజుల్లో ఫోటో దిగడమంటే జన్మలో ఒకసారి. బోసి మెడతో వచ్చిన ఆడమనిషిని పెద్దాయన భార్య లోపలి గదిలోకి తీసుకెళ్ళేది. ఏమీ అడిగేది కాదు. పౌడరు రాసి, తల దువ్వి, కాసులపేరు మెడలో వేసి వెనక దారం ముడేసేది. ఫోటో అయ్యాక ముడి విప్పేది. బయటికి పంపే ముందు చెయ్యి పట్టుకుని, ఈ మాట ఈ గది దాటదని చెప్పేదట.

"గొప్పింటి వాళ్ళు గూడానా?" అన్నాను. ఆ నగ గురించి నేను నోరు విప్పి అడిగిన మొదటి మాట అదే.

"గొప్పింటి వాళ్ళే ఎక్కువ. కరువులో నగలన్నీ తాకట్టుకు పోయుండేవి. పేదోళ్ళు సిగ్గు లేకుండా అడిగి ఏసుకునేవాళ్ళు. గొప్పోళ్ళకు మా ఆవిడే కనిపెట్టి ఏసేది." చెంచా మళ్ళీ అందుకుని, "ఆమె మాట నిలబెట్టాల నువ్వు. నోటితో ఎవురికీ చెప్పబాక" అన్నాడు.

"చెప్పను తాతా" అన్నాను.

దుత్తలూరు ఆవిడ సంగతి ఆత్మకూరు వచ్చాక ఓనర్‌కి ఒక చీటీ మీద రాసి ఇచ్చాను. చదివి చించేశాడు. "నీకెందుకమ్మా? మా నాయన గిల్టు నగలేసి జనాన్ని మోసం చేసినాడని చెప్పుకుందామా? ఫ్రేము కట్టి ఇయ్యి, అంతే."

అక్కడితో ఊరుకునేదాన్నే. ఆ గురువారం ఆ వదినే వచ్చింది.

కొడుకుతో కలిసి పెళ్ళి ఫ్లెక్సీ చేయించడానికి వచ్చింది. డెబ్బై దాటిన పొట్టి అవ్వ, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది. కొడుకు డిజైనర్ దగ్గర పెళ్ళికూతురి ఫోటో పక్కన ఎన్ని గులాబీలు పెట్టాలో తేలుస్తుంటే ఆమె నా వైపు తిరిగింది. నా వెనక గోడకి ఆనించి ఉంది ఆ పెద్ద ప్రింటు. ఫోన్లో పంపించండి, నేను సరే అన్నాకే అద్దం బిగించండి అని ఆడబిడ్డ చెప్పడంతో ఇంకా ఫ్రేము కట్టలేదు.

అవ్వ దాని ముందు నిలబడింది.

"ఇంత పెద్దది చేసినారా" అంది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు.

"పందిట్లో పెడతాదంట మా ఆడబిడ్డ. చెప్పి పంపించింది. పెండ్లిని ఆపను, అడగతా అంతే అనింది." ప్రింటులో అత్తగారి చెంప మీద దుమ్ముంటే కొంగుతో తుడిచింది. "నేను తియ్యలా అని నలభై ఏండ్లు మా ఇంట్లో చెప్పినాను. ఎవురూ నమ్మలా. మా ఆయన గూడా. ఇప్పుడు మగపెండ్లి వాళ్ళకు చెప్పాల. ఆ పిల్లకు రేపు అత్తగారింట్లో ఏం పేరొస్తాదో. దొంగముండ మనవరాలు అంటారు గదా."

ఏడవలేదు. ధర ఎంతో అడిగినట్టు మామూలుగా చెప్పింది. కొడుకు పిలిస్తే గులాబీలు చూడ్డానికి వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళాక ఓనర్ ఒక ఫంక్షన్‌కి కెమెరా తీసుకుని పోయాడు. డిజైనర్ టీకి పోయాడు. నా స్క్రీన్ మీద నోట్‌ప్యాడ్‌లో రెండు లింకులున్నాయి. పైది దుత్తలూరు ఆవిడ వాళ్ళమ్మ ఒక్క ఫోటో లింకు. కిందది నా సొంత సరదాకి, ఓనర్ నియమానికి విరుద్ధంగా చేసుకున్న ఆల్బమ్. నలభై ఒక్క మెడలు, అన్నింట్లో ఆ సందు. మొదటి ఫోటో ఆ అమ్మదే.

కింది లింకు కాపీ చేశాను. దుత్తలూరు ఆవిడకి పంపాను. "ఫోటో చూడండి అమ్మా" అని రాశాను. పెరుగన్నం డబ్బా తెరిచి తిన్నాను. పెద్దాయనకిచ్చిన మాట తప్పలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నోరు విప్పలేదు కదా.

నా లెక్క ఒక్కటే. ఆమె తెరుస్తుంది, ఒక్కతే చూసుకుంటుంది, అర్థం చేసుకుంటుంది, ఊరుకుంటుంది.

ఇక్కడ చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ, మీరు నేర్చుకోవలసింది ఉంది. తెరుచుకోకముందే పదిమందికి పంపే మనిషని కళ్ళారా చూసి కూడా నేను మరిచిపోయాను. ఆమె మొదటి ఫోటో మాత్రమే చూసి, ఒక వాయిస్ మెసేజ్ జోడించి, ఫోన్లో ఉన్న గ్రూపులన్నిటికీ పంపేసింది. చుట్టాల గ్రూపు, పాలకేంద్రం గ్రూపు, తిరుపతి నడకదారిన కలిసినవాళ్ళ గ్రూపు. ఆ వాయిస్ తిరిగి తిరిగి సాయంత్రానికి మా ఓనర్ ఫోన్‌కే వచ్చింది:

"ఇది మా అమ్మ. మెడలో కాసులపేరు చూడండి. అందురూ ఒకటికి రెండు తడవలు లెక్కపెట్టుకోండి. మళ్ళీ ఎవురూ మేం చూడలా అనగూడదు."

అందరూ చూశారు. మొదటి ఫోటో చూసి, వేలితో పక్కకు జరిపి, రెండోది చూశారు. మూడోది చూశారు. నలభై ఒక్కటీ చూశారు. నేను ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. కవరు మీద ఉన్నది ఉన్నట్టు, ఊరినీ ఇంటిపేరునీ ఫైలు పేర్లుగా పెట్టాను. ఫోటో కింద అవన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. ఎవరి అవ్వ ఎవరో వెతుక్కోవలసిన పని కూడా లేకుండా.

మర్నాడు స్టూడియో ఫోన్ ఆగలేదు. "మా నాయనమ్మది అసలు బంగారం, ఎవురిది గిల్టో తేల్చండి" అని ఒకరు. "వాళ్ళింటి నగ మా అవ్వ మెళ్ళోకి ఎట్టా వచ్చింది, దొంగతనం అంటున్నారా?" అని ఇంకొకరు. ఒక రాజకీయ కుటుంబం వాళ్ళు మనిషినే పంపించారు, వాళ్ళ తాత ఫోటో కూడా అలాగే బయటికొస్తుందేమోనని. ఆ కోటు ఫోటోనే అన్ని ఫ్లెక్సీల్లోనూ వేస్తున్నారు మరి. "కోట్లు పెట్టలేదు సార్, మెడలే పెట్టినాం" అని డిజైనర్ ఎంతో మర్యాదగా చెప్పాడు.

ఓనర్ నా మీద కేకలేశాడు. "ఇంటికొక లింకు అని చెప్పినానా లేదా?"

"పొరపాటయింది అన్నా" అన్నాను నేల చూస్తూ. ఆయన నమ్మాడు. నోరు లేనివాళ్ళు చేసినదంతా పొరపాటే అని జనం అనుకుంటారు. ఆ రోజే తెలిసింది.

ఆల్బమ్ తీసేశాను. తీసేస్తే పోతుందా? అప్పటికే ఎవరెవరి ఫోన్లలోనో దిగిపోయింది.

వీటన్నిటికీ నవ్వుకున్నాను. ఒక్కదానికి నవ్వలేకపోయాను. మూడో రోజు ఒక రిటైరైన టీచరు గారు వచ్చారు. చర్చిలో పాటలు పాడించే మనిషి, మెల్లగా మాట్లాడతారు. ఓనర్ లేడు. నన్నే అడిగారు.

"మా అమ్మ మాకు ఒక మాట చెప్పేదమ్మా. ఆ నగ అమ్మి మా ఇద్దరన్నదమ్ముల్ని చదివించినానని. మా పిల్లలకు అదే చెప్పినాను. మొన్న మా మనవడు ఫోన్ తెచ్చి చూపించినాడు." స్కానర్ మూత మీద చెయ్యి పెట్టారు. "ఏమి అమ్మి చదివించిందో ఇంక నాకు తెలీదు గదా."

క్షమించమన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయారు. ఒక మనిషి కోసం నలభై ఇళ్ళ తలుపులు తీశాను. తట్టి తీశానా అంటే లేదు.

దుత్తలూరు ఆవిడ నాలుగో రోజు వచ్చింది. ఫోన్ సంచిలో ఉంది, చేతిలో లేదు. ప్రింటు ముందు కూర్చుని చాలాసేపు చూసింది.

"అందుర్లోకీ మా అమ్మకే బాగుండాది" అంది చివరికి.

"అవునమ్మా" అన్నాడు డిజైనర్. ఆ ఒక్కసారి ఏడిపించలేదు.

"నీకేనే అది, నీకే ఇస్తా అనేది. అడిగినప్పుడల్లా దాచినాను అనేది. ఇట్టా ఎట్టా చెప్పింది పాపా, కన్నకూతురికి?"

నాకేం తోచిందో, "మీరు అడిగినప్పుడల్లా లేదని చెప్పలేక" అన్నాను. డిజైనర్ తల తిప్పి నన్ను చూశాడు.

ఆమె ముక్కు చీదుకుంది. "ఇంక మా వదినకి నేనేం మొహం పెట్టుకోని కనపడాల?" అంది. తర్వాత లేచి, "ఫ్రేము కట్టించండి. అద్దం మంచిది బిగించండి. పెండ్లికి తీసకపోవాల. అమ్మ గదా, పందిట్లో ఉండాల" అంది.

పెళ్ళికి వెళ్ళింది. ముందు రోజే వెళ్ళి, నలభై ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో మంచినీళ్ళు అడిగి తాగిందట. వదిన చెంబు తెచ్చిస్తే పందిట్లో అందరి ముందర, "నేనే తప్పు మాట్లాడినాను వదినా" అందట. ఈ సంగతి ఫ్లెక్సీ కట్టడానికి వెళ్ళిన మా డిజైనర్ చూసొచ్చి చెప్పాడు. ఫ్లెక్సీ సంగతి మాత్రం ఏమీ చెప్పలేదు. పెళ్ళికూతురి పేరులో అక్షరం తప్పు పడిందని తర్వాత తెలిసింది.

స్టూడియోకి గిరాకీ తగ్గలేదు. పదిమంది తిట్టి పోతే ఇరవైమంది మా అవ్వది కూడా ఉందా అని వచ్చారు. ఇద్దరు ముగ్గురు ఆ గిల్టు కాసులపేరు ఇంకా ఉందా, ఒకసారి వేసుకుని ఫోటో దిగుతాం అని అడిగారు. ఎప్పుడో నల్లబడితే పారేశామని ఓనర్ ఎంతో బాధగా చెప్పేవాడు. నేను ఆ నెలాఖరుకి మానేశాను. ఇంకో ఊళ్ళో పని దొరికింది. ఆ స్టూడియోలో ఇంకా నమ్మకస్తురాలిలా కూర్చోడానికి నాకు మనసొప్పలేదు కూడా.

మానేసే ముందు రోజు ఆ వదిన అవ్వ వచ్చింది, పెళ్ళి లడ్లు తీసుకుని. ఒక్కతే వచ్చింది. ఫోటో దిగుతానంది. జన్మలో తన ఫోటో ఒక్కటీ లేదట, రేషన్ కార్డులోది తప్ప. ఓనర్ లైట్లు సర్దుతున్నాడు. నేను ఆమె కొంగు సరిచెయ్యడానికి వంగాను.

"ఆ బొమ్మలన్నీ ఒకచోట పెట్టింది నువ్వేనంట గదా" అంది మెల్లగా.

"పొరపాటున పోయినాయి అవ్వా."

"ఊఁ" అంది. నా మొహంలోకి చూసింది. పళ్ళు లేని నవ్వొకటి నవ్వింది. తర్వాత నా చెవి దగ్గరికి లాక్కుంది. లైటు వెలిగింది, ఆమె ముక్కు మీద చిన్న ఎర్రరాయి మెరిసింది.

"కాసులపేరు సంగతి ఆ దేముడి తోడు నాకు తెలీదు పాపా. మా అత్త ముక్కుపుడక మాత్రం నేనే తీసినాను. ఇన్నేండ్లలో దాన్ని ఒక్కరూ అడగలా."